రంపపు ఈగా, కందిరీగా? పురుగుల ఫొటోలకు పేర్లు చెప్పే ఐనాచురలిస్ట్, దానితో వాడిన క్లిప్ లెన్స్: ఒక సమీక్ష

పొలంలోనో పెరట్లోనో కనిపించిన చిన్న పురుగును ఫోనుతో ఫొటో తీసి దాని పేరు తెలుసుకోవాలనుకునేవారికి ఇప్పుడు సాధనాలకు కొదవ లేదు. అయితే సెంటీమీటరు కూడా నిండని రంపపు ఈగలు (ఇంగ్లీషులో సాఫ్లైలు), ఇతర పురుగుల మీద బతికే సన్న కందిరీగలు, వరిని పాడుచేసే ఉల్లికోడు వంటి వాటి దగ్గరికి వచ్చేసరికి ఈ సాధనాల్లో చాలావరకు చేతులెత్తేస్తాయి, లేదా అంతకన్నా చేటుగా, ఏ తడబాటూ లేకుండా తప్పు పేరు చెబుతాయి. శ్రీకాకుళం పరిసరాల్లో నాగావళి ఒడ్డు కూరగాయల మడుల్లోనూ, మా పెరటి మొక్కల మీదా తీసిన ఫొటోలతో ఐనాచురలిస్ట్ అనే సేవను, దానికి తోడుగా ఫోనుకు తగిలించుకునే ఒక మాక్రో లెన్సును కొంతకాలంగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సేవ మంచిది, లెన్సు పరవాలేదు. కానీ పురుగు పేరు ఏ మెట్టు దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో చూసుకునే ఓపిక ఉన్నవారికే ఈ రెండూ అక్కరకు వస్తాయి.

ఐనాచురలిస్ట్ 2008లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు తమ మాస్టర్స్ చదువులో భాగంగా చేసిన ప్రాజెక్టు. తరువాత కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నీడన కొన్నేళ్లు నడిచి, 2023లో స్వతంత్ర లాభాపేక్షలేని సంస్థ అయింది. డబ్బు కట్టనక్కరలేదు, ప్రకటనలు ఉండవు, పురుగు పేరు చెప్పి ఆ పక్కనే మందు డబ్బా అమ్మజూపే అలవాటు లేదు. ఈ చివరి సంగతి చిన్నదిగా అనిపించవచ్చు గాని, పంటల పేరుతో ఉన్న యాప్‌లు వాడినవారికి దాని విలువ తెలుస్తుంది. ఫొటో, తేదీ, స్థలం కలిపి ఎక్కిస్తే కంప్యూటరు కొన్ని పేర్లు సూచిస్తుంది, ఆ తరువాత ప్రపంచంలో ఎక్కడివారైనా, మనలాంటి ఔత్సాహికుల నుంచి ఆ గుంపు మీదే జీవితమంతా పనిచేసిన శాస్త్రజ్ఞుల దాకా, తమ అభిప్రాయం చెప్పవచ్చు. కనీసం ఇద్దరు చెప్పి, చెప్పినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే, ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. ఎక్కించినవారు ఎంచుకున్న లైసెన్సు అనుమతించిన పక్షంలో అది అంతర్జాతీయ జీవవైవిధ్య సమాచార నిధి అయిన జీబిఫ్‌లోకి కూడా వెళ్తుంది.

కంప్యూటరు పేరు చెప్పే తీరును అర్థం చేసుకోకపోతే ఈ సేవను సరిగా వాడలేము. ఒక జాతికి సుమారు వంద ఫొటోలైనా పోగుపడితే గాని దానికి ఆ జాతిని నేర్పరు. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎక్కువమంది ఫొటోలు తీస్తారు కనుక అక్కడి పురుగులు దానికి బాగా తెలుసు. మన తీరప్రాంతపు సన్న కందిరీగల్లో అధిక భాగం దాని బడిలో ఇంకా చేరనే లేదు. తెలియని పురుగును చూపినప్పుడు అది తనకు తెలిసినవాటిలో దగ్గర పోలిక ఉన్నదాన్ని వెతుకుతుంది. అందుకే సూచనల జాబితాలో పై వరుసలో ఉండే వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. అక్కడ అది తనకు గట్టి నమ్మకం ఉన్న మెట్టును, అంటే ఫలానా క్రమం, ఫలానా కుటుంబం, ఫలానా ప్రజాతి అని చెబుతుంది (పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకు దిగే మెట్లు ఇవి, జాతి అన్నిటికంటే కిందిది). కింద వచ్చే జాతి పేర్లు ఊహలు మాత్రమే. 2023 నుంచి ఆ ప్రాంతంలో కనిపించే అవకాశం ఉన్న జాతులను వేరుగా చూపే ఏర్పాటు వచ్చింది. దానివల్ల స్వీడన్ అడవుల పురుగును నరసన్నపేట పొలంలో చూసే ప్రమాదం కొంత తగ్గింది.

ముల్లంగి మడిలో దొరికిన పురుగు ఉదాహరణతో ఈ సంగతి బాగా తెలుస్తుంది. చలికాలం మొదలయ్యే రోజుల్లో ముల్లంగి, ఆవ, క్యాబేజీ ఆకుల మీద నలుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, ముడతలు పడిన చర్మంతో ఒక పురుగు కనిపిస్తుంది. చూసినవారందరూ దాన్ని లద్దె పురుగనే అనుకుంటారు, నిజానికి అది రంపపు ఈగ పిల్ల. నేను ఆకు ముందు వంగి కూర్చుని ఉండగా ఆ మడి రైతు దగ్గరకొచ్చి, "ఏటి మాస్టారూ, పురుక్కి కూడా ఫొటోలు తీస్తన్నారేటి? మందు కొట్టీడమే కదా" అన్నాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఏ మందు అన్నదే అసలు సంగతి. సీతాకోకచిలుకల, మాత్‌ల గొంగళికి సాధారణంగా పొట్ట కింద కండ కాళ్లు అయిదు జతలకు మించవు. రొమ్ము దగ్గరి మూడు జతల అసలు కాళ్లకూ, ఈ కండ కాళ్లకూ నడుమ రెండు ఖండాలు ఖాళీగా ఉంటాయి. రంపపు ఈగ పిల్లకు కండ కాళ్లు సాధారణంగా ఆరు జతలు లేదా అంతకన్నా ఎక్కువ. ముల్లంగి మీది అథాలియా అనే రంపపు ఈగ పిల్లకు ఎనిమిది జతలు, అవి దాదాపు రొమ్ము కాళ్ల వెనుక నుంచే మొదలవుతాయి. తల పక్క నుంచి చూస్తే, గొంగళికి ఒక్కో వైపు సాధారణంగా ఆరు చిన్న కళ్ల గుంపు ఉండగా, దీనికి ఒక్కో వైపు ఒకే ఒక నల్లని కన్ను కనిపిస్తుంది.

ఈ తేడా తెలియక వచ్చే నష్టం నిజమైనది. గొంగళి పురుగుల మీద వాడే బీటీ జీవ మందు, అంటే కుర్స్టాకీ రకం బ్యాక్టీరియా పొడి, సీతాకోకచిలుకల, మాత్‌ల పిల్లల కడుపులోనే పనిచేస్తుంది. రంపపు ఈగ పిల్లలది కందిరీగల క్రమం కనుక వాటి మీద ఆ మందు పనిచేయదు. ఇదే ఫొటోను నేను ఒక పంట సలహా యాప్‌లో పెట్టినప్పుడు అది పొగాకు లద్దె పురుగని తేల్చి, వెంటనే కొనదగిన సరుకుల వరుస చూపింది. ఐనాచురలిస్ట్ అథాలియా ప్రజాతి అని చెప్పి అక్కడితో ఆగింది. మన దేశంలో ఆవ జాతి పంటల మీద పేరుమోసిన రంపపు ఈగ అథాలియా లూజెన్స్ ప్రాక్సిమా అని వ్యవసాయ పుస్తకాలన్నీ చెబుతాయి. కాబట్టి పంటను, ఆ ప్రజాతి పేరును కలిపి చూస్తే రైతుకు కావలసినంత జవాబు దొరికినట్లే. అయితే ఒక్క ఫొటోకు ఆ ఫలం రాలేదు. మీద నుంచి తీసిన ఫొటోలో కాళ్లు కనబడవు కనుక సూచన కీటకాల దగ్గరే ఆగిపోయింది. ఆకును పక్కకు తిప్పి, కండ కాళ్ల వరుస మొత్తం వచ్చేలా తీసిన ఫొటోతోనే ప్రజాతి దాకా వచ్చింది. మరొక మాట, ఈ పురుగును తాకితే చుట్ట చుట్టుకుని నేల మీద పడి చచ్చినట్టు నటిస్తుంది. ముందుగానే కింద ఒక తెల్ల కాగితం పట్టుకుంటే పడిన తరువాత కూడా ఫొటో తీసుకోవచ్చు, ఆ నటనను కూడా నమోదులో రాయవచ్చు. పేర్లు చెప్పేవారికి అదీ ఒక ఆధారమే.

ఎదిగిన పురుగు సంగతికి వస్తే, రంపపు ఈగ నిజానికి ఈగ కాదు, కందిరీగలు, తేనెటీగలు, చీమలు ఉన్న హైమెనాప్టెరా క్రమానికి చెందినది. వీటిలో సుమారు ఎనిమిది వేల జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. చల్లని దేశాలతో పోలిస్తే మనలాంటి వేడి ప్రాంతాల్లో వీటి వైవిధ్యం తక్కువ. ఆడదానికి పొట్ట చివర ఆకు కణజాలాన్ని కోసి గుడ్డు పెట్టే రంపం వంటి అవయవం ఉంటుంది, అది కుట్టదు. ఫొటోలో మొట్టమొదట చూడవలసింది నడుము. కందిరీగకు రొమ్ముకూ పొట్టకూ మధ్య సన్నని నడుము ఉంటే, దీనికి ఆ నొక్కు లేకుండా దేహం ఒకే వెడల్పున సాగుతుంది. ముల్లంగి రంపపు ఈగకు తల నల్లగా, దేహం నారింజ పసుపుగా, రెక్కలు పొగ పట్టినట్టు మసకగా ఉంటాయి. గులాబీ ఆకులు తినే ఆర్గిడే కుటుంబపు రంపపు ఈగలను మీసాలు పట్టిస్తాయి. మీసంలో మూడే భాగాలు ఉండి, మూడోది మిగతా రెండింటికంటే ఎంతో పొడవుగా ఉంటుంది, కొన్నింటి మగవాటిలో అది రెండుగా చీలి ఉంటుంది. ఇవన్నీ ఒకే ఫొటోలో రావు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి, వీలైతే విప్పిన రెక్కతో ఒకటి ఉండాలి. ఐనాచురలిస్ట్‌లో ఒకే నమోదుకు పలు ఫొటోలు జోడించవచ్చు. కాకపోతే కంప్యూటరు సూచన ఒకసారికి ఒక్క ఫొటోను మాత్రమే చూస్తుంది కాబట్టి, లక్షణాలు బాగా కనిపించేదాన్ని మొదట పెట్టాలి.

ఇన్ని ఫొటోలు ఉన్నా రంపపు ఈగల్లో చాలా జాతులు ఫొటోకు లొంగవు. వాటిని తేల్చాలంటే ఆడదాని రంపాన్నో, మగదాని జననాంగాన్నో సూక్ష్మదర్శిని కింద విడదీసి చూడాలి. ఈ సేవలో ఏళ్ల తరబడి కుటుంబం దగ్గరో ప్రజాతి దగ్గరో ఆగిపోయిన నమోదులు కోకొల్లలు. కొందరు దీన్ని లోపంగా చెబుతారు. నాకు మాత్రం ఈ సేవ మీద నమ్మకం కలగడానికి అదే కారణం.

ముల్లంగి పూతకు వచ్చిన తరువాత ఆ పూల మీద పసుపు నలుపు చారలతో గాలిలో నిలబడినట్టు ఎగిరే పురుగులు కనిపిస్తాయి. చూడగానే కందిరీగ అనిపించే వీటిలో చాలావరకు సిర్ఫిడ్ ఈగలు. వీటికి రెక్కలు ఒకే జత, వెనుక జత స్థానంలో చివర చిన్న గుండు ఉన్న రెండు కాడలు మాత్రం ఉంటాయి. మీసాలు పొట్టి, కళ్లు తలనంతా ఆక్రమిస్తాయి. వీటిలో చాలావాటి పిల్లలు పేనుబంకను తింటాయి కనుక రైతుకు మేలు చేసేవే. ఇలాంటి వాటి విషయంలో ఐనాచురలిస్ట్ బాగా పనిచేస్తుంది, తరచు జాతి దాకా చెబుతుంది. ఎందుకంటే ఇవి కాస్త పెద్దవి, పూల మీద నిలకడగా కూర్చుంటాయి, లోకమంతా వీటి ఫొటోలు తీస్తుంది.

ఇతర పురుగుల మీద బతికే ఇక్నూమన్, బ్రాకోనిడ్ కుటుంబాల కందిరీగల దగ్గర పరిస్థితి తారుమారు. రెండింటికీ పొడవాటి మీసాలు, సన్నని నడుము, ఆడవాటిలో కొన్నింటికి తోకలా సాగిన గుడ్లు పెట్టే గొట్టం ఉంటాయి. వీటిని విడదీసేది ముందు రెక్కలోని ఈనెలు. ఇక్నూమన్‌లకు వెనక్కి తిరిగే అడ్డ ఈనెలు రెండు ఉంటే, బ్రాకోనిడ్‌లలో రెండోది దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆ వెంట్రుకవాసి గీత ఫొటోలో పడిందా లేదా అన్నదాని మీదే కుటుంబం పేరు ఆధారపడి ఉంటుంది. పరికరం నాణ్యత పరీక్షకు నిలిచేది ఇక్కడే కనుక లెన్సు సంగతి ఇప్పుడు చెబుతాను.

స్థానికంగా ఒక ఫోన్ల దుకాణంలో ఏడు వందల రూపాయల లోపు కొన్న ఈ క్లిప్ లెన్సు పెట్టె మీద పదిహేను రెట్లు అని ముద్రించి ఉంది. అంత పెద్దగా చూపుతుందో లేదో గాని, అయిదు మిల్లీమీటర్ల పురుగు రెక్క ఈనెలు కనిపించేంతగా మాత్రం చూపుతుంది. మధ్య భాగం స్పష్టంగా ఉంటుంది, అంచులు మసకబారి, నీలం ఊదా రంగులు చిమ్ముతాయి. కాబట్టి పురుగును చట్రం నడుమ ఉంచి, అంచులను తరువాత కత్తిరించుకోవాలి. పురుగుకు మూడు సెంటీమీటర్ల దగ్గరకు వెళ్తే గాని ఫోకస్ కుదరదు. అంత దగ్గరకు పోయేసరికి సగం పురుగులు ఎగిరిపోతాయి, మిగిలినవాటి మీద ఫోను నీడ పడుతుంది. ఫోకస్ లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి కన్ను స్పష్టంగా ఉంటే రెక్క మసకగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి వరుసగా ఎక్కువ ఫొటోలు తీసి, ఏరుకోవడం తప్ప దారి లేదు. అసలు చిరాకు క్లిప్పుతో. ఫోను వెనుక కెమెరాలు రెండు మూడు ఉన్నప్పుడు దగ్గరకు పోగానే ఫోను తనంతట తాను మరో కెమెరాకు మారిపోతుంది, లెన్సు ముందు ఖాళీ మిగులుతుంది. కెమెరా సెట్టింగుల్లో ఆ మార్పును ఆపివేసే వీలుంటే ముందు ఆపాలి. ఫోను తొడుగు ఉన్నప్పుడు క్లిప్పు జారుతుంది. ఇటీవలి ఫోన్లలో మంచి మాక్రో కెమెరా ఉన్నవారు ఈ లెన్సు కొననవసరం లేదన్నది నా అభిప్రాయం. లేనివారికి ఈ ధరలో ఇంతకంటే ఆశించడం కూడా న్యాయం కాదు.

ఎగిరిపోయే పురుగులకు ఒక ఉపాయం ఉంది. పారదర్శకమైన చిన్న డబ్బాలో పట్టి ఫ్రిజ్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే మందగిస్తుంది, తెల్ల కాగితం మీద దించి ఫొటోలు తీసుకున్నాక తేరుకుని ఎగిరిపోతుంది. ఫ్లాష్ వాడితే మెరిసే దేహం మీద తెల్లని మచ్చ పడి లక్షణాలు కప్పేస్తుంది. ఫ్లాష్ ముందు పల్చని తెల్ల కాగితం ముక్క అంటిస్తే వెలుగు మెత్తబడుతుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం ముందే చెప్పి ఆ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులకు ఉల్లికోడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వరిని ఉల్లికాడలాంటి గొట్టంగా మార్చి వెన్ను రాకుండా చేసే ఈ పురుగు పెద్దదయ్యాక దోమలా ఉండే మూడు మిల్లీమీటర్ల ఈగ, ఆడదాని పొట్ట ఎర్రని నారింజ రంగులో ఉంటుంది. రాత్రి దీపం దగ్గరకు వచ్చినప్పుడు ఫొటో తీసి ఎక్కిస్తే సిసిడోమైయిడే కుటుంబం అన్న మాటకు మించి ఆశించవద్దు, ఎందుకంటే ఆ కుటుంబంలో అలాంటి సన్న ఈగలు వేలల్లో ఉన్నాయి. అదే పొలంలో ఉల్లిగొట్టాన్ని పిలకతో సహా ఫొటో తీసి, వరి అని రాసి ఎక్కిస్తే, చూసేవారికి అది ఓర్సియోలియా ఒరైజే అని చెప్పడం ఎంతో తేలిక. పురుగు కంటే పురుగు చేసిన పని ఎక్కువ చెప్పే సందర్భం ఇది. ఆ ఉల్లికోడు మీద బతికే ప్లాటీగాస్టర్ ఒరైజే అనే నల్లని సూక్ష్మ కందిరీగ ఉంది, దాని ఒక్క గుడ్డు నుంచే అనేక పిల్లలు పుడతాయి. దాన్ని ఫోను లెన్సుతో పట్టుకోవాలని చూడడం వృథా ప్రయాస. పురుగుల అదుపుకు పొలంలో కట్టే ట్రైకో కార్డుల నుంచి బయటికి వచ్చే ట్రైకోగ్రామా కందిరీగ అయితే అర మిల్లీమీటరు, దాని సంగతి చెప్పనే అక్కరలేదు.

ఫొటోలు చేరే దారిలో కూడా ఒక చిక్కు ఉంది. మన దగ్గర రైతులు, స్నేహితులు పురుగు ఫొటోలను వాట్సాప్‌లో పంపుతారు. వాట్సాప్ ఫొటోను కుదించడమే కాక, దాని లోపల దాగి ఉండే తేదీని, స్థలాన్ని తీసివేస్తుంది. ఆ ఫొటోను నేరుగా ఎక్కిస్తే తేదీ, స్థలం మనం చేత్తో నింపాలి, లేకపోతే నమోదు పరిశోధన స్థాయికి అర్హత పొందదు. డాక్యుమెంటుగా పంపమని అడిగితే అసలు ఫైలే వస్తుంది. ఇంటి పెరటి స్థలం అందరికీ కనిపించడం ఇష్టం లేనివారు స్థలాన్ని మరుగుపరచే ఎంపికను వాడవచ్చు. అప్పుడు అసలు చోటు కాకుండా సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చోటు చూపుతుంది. శ్రీకాకుళం పెరటి పురుగు ఆమదాలవలసలో కనిపించినట్టు వస్తే ఆందోళన పడనక్కరలేదు.

తెలుగువారికి మరొక ఇబ్బంది పేర్లది. చిన్న పురుగులకు శాస్త్రీయ నామమో ఇంగ్లీషు పేరో తప్ప తెలుగు పేరు దొరకడం అరుదు. పొలంలో అడిగినవారికి లాటిన్ పేరు చెప్పి ఊరుకుంటే ప్రయోజనం లేదు, అది ఏ పంట మీద ఏమి చేస్తుందో మనమే వివరించుకోవాలి. అలాగే మరొకరు చెప్పిన పేరును చూడగానే అంగీకరించాను అని నొక్కడం చాలామంది చేసే పని. ఆ లక్షణాన్ని మన ఫొటోలో మనం చూడగలిగితేనే నొక్కాలి, లేకపోతే ఒకరి ఊహ ఇద్దరి నిర్ధారణగా మారి పరిశోధన స్థాయి ముద్ర వేసుకుంటుంది. ఏ ఆధారంతో ఆ పేరు చెప్పారని మర్యాదగా అడిగితే చాలామంది నిపుణులు ఓపికగా రెక్క ఈనెను చూపి మరీ వివరిస్తారు. నా దృష్టిలో ఈ సేవలో అయిదు నక్షత్రాలకు అర్హులు వారే, కంప్యూటరు సూచనలకు మూడున్నర, లెన్సుకు మూడు.

బడి పిల్లలకు, నమోదు ఖాతా తెరవడం ఇష్టం లేనివారికి అదే సంస్థ ఇచ్చే సీక్ అనే చిన్న యాప్ చాలు. కెమెరా చూపుతూ ఉండగానే క్రమం, కుటుంబం, ప్రజాతి అంటూ మెట్టు మెట్టుగా దిగుతుంది కనుక పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. కానీ దాని వెనుక మనుషుల అభిప్రాయం ఉండదు, కాబట్టి రంపపు ఈగల వంటి వాటికి పెద్దగా ఉపయోగపడదు.

పంట మీద మందు నిర్ణయం ఆధారపడి ఉన్నప్పుడు మాత్రం ఏ యాప్ మాటా చివరిది కాకూడదు. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల అందుబాటులో ఉన్నాయి. అంతకు మించి అవసరమైతే పురుగుల గుర్తింపుకే పేరుపడ్డ జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో బెంగళూరులో ఉంది. వారి దగ్గరకు ఫొటోతో పాటు పురుగును కూడా తీసుకువెళ్లాలి. పిల్ల పురుగునైనా, రెక్కల పురుగునైనా 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేసి, పంట, ఊరు, తేదీ రాసిన చీటీని ఆ సీసా లోపలే ఉంచాలి. చీటీని పెన్సిలుతోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.